ఖలఫ్‌కి ఒప్పుకున్న ఆట

కాలవ వంతెన మీద మా జాద్ మెడలోని డోలుకి తూటా తగిలిన దగ్గర కదా ఆగాం. వాడికేమీ కాలేదు, కంగారుపడకండి. తూటా డోలుకి ఒక పక్క దూరి ఇంకో పక్క పోయింది. జాద్ మాత్రం గంటసేపు పొట్ట తడుముకుంటూనే కూర్చున్నాడు.

కాల్చినవాడి పేరు బద్రీ. వాడి అన్న ఖలఫ్ రెండేళ్ళ క్రితం అదే కాలవ గట్టున, నీళ్ళ వంతు తగువులో, అబూ దూమ్ ఇంటి పెద్దకొడుకు చేతిలో చచ్చిపోయాడు. చంపినవాడు కొండల్లోకి పారిపోయాడు. ఇప్పుడు ఆ చంపినవాడి తమ్ముడు రిఫాయీకి పెళ్ళి. ఆ పెళ్ళిలో ఆడడానికే మా మేళం ఈ ఊరికొచ్చింది. "మా అన్న నెత్తురు ఇంకా ఆరలేదు. ఈ ఊళ్ళో ఇంకో డోలు మోగిందా, ఈసారి డోలుని కాల్చను" అని చెప్పి బద్రీ చెరుకుతోటలోకి వెళ్ళిపోయాడు. పెళ్ళి మర్నాడే.

తప్పు మాదేనని మా వహీబా అక్క ఒప్పుకుంది. ఊరి పొలిమేరలో డోలు కొట్టి, ఆటవాళ్ళం వచ్చామని చెప్పడం ఊరూరా పెళ్ళిళ్ళలో ఆడే మా గవాజీల అలవాటు. కానీ పగ మిగిలిన ఇల్లు ఉన్న ఊళ్ళో అలా కొట్టకూడదు. ముందు ఆ ఇంటి గడప దగ్గరికెళ్ళి సెలవు అడగాలి. పెళ్ళివాళ్ళు ఆ ముక్క మాకు చెప్పనే లేదు. అడిగితే పెళ్ళికొడుకు తండ్రి అబూ దూమ్ గడ్డం గోక్కుంటూ నేల చూపులు చూశాడు.

"రెండేళ్ళయింది గదమ్మా. సల్లబడ్డారనుకున్నా" అన్నాడు.

"నువ్వు సల్లబడ్డావు మామా. పోయింది వాళ్ళ బిడ్డ" అంది వహీబా అక్క.

"అయితే ఇరవై తుపాకులు చుట్టూ నిలబెడతా. మధ్యలో మీరు ఆడండి. ఎవడొస్తాడో నేనూ చూస్తా."

"నేను పెళ్ళికొచ్చాను. పోలీసు కవాతుకి రాలేదు."

నేనైతే అప్పటికే మూట కట్టేశాను. పడవ ఇంకా రేవులోనే ఉంది, పోదాం పదండే అని ఒకటే గోల పెట్టాను. నా పేరు జమాలత్. వహీబా అక్కకి పినతల్లి కూతుర్ని, మేళంలో ఆమె తర్వాత ఆడేదాన్ని. పదకొండో ఏటి నుంచీ కాలికి పని చెబుతున్నాను కానీ, తుపాకీ ముందు ఆడే పని నాకెవరూ నేర్పలేదు. అక్క నా మూట లాక్కుని దాని మీదే కూర్చుంది.

"మనం వెనక్కి పోతే ఏమవుతుందో తెలుసా నీకు?" అంది. "మేళం తిరిగిపోయిన పెళ్ళి అని వీళ్ళ పరువు పోతుంది. ఆ ఇరవై తుపాకులూ ఇవాళే ఆ పిల్లాడి ఇంటి మీద పడతాయి. ఆడితే వీడు కాలుస్తాడు, పోతే వాళ్ళు కాలుస్తారు. ఏదైనా మన డోలు మోగినందుకే. లే, ఆ ఇంటికి వెళ్దాం."

"వెళ్దాం అంటావేంటి? నేనెందుకు?"

"నేనొక్కదాన్నే పోతే భయం వేస్తుందే" అంది నవ్వుతూ. ఆమెకి భయమట! దయ్యాలు కూడా ఆ మాట నమ్మవు.

వెండి కడియాలు తీసేసింది. తలమీది బిళ్ళల పట్టీ తీసేసింది. ఇత్తడి వేలితాళాలు తీసి గుడ్డలో చుట్టి, రబాబు వాయించే మా షాజ్లీ మామ చేతిలో పెట్టింది. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. తాళాల మూట తడిమి చూసి, "ఏందమ్మాయ్, వీటిని నా దగ్గర పెడుతున్నావంటే తిరిగి రావనా?" అన్నాడు.

"దారిలో ఇవి మోగితే బాగుండదు మామా."

"రాకపోతే మటుకు అమ్మేస్తా" అన్నాడాయన. అంటూనే ఆ మూటని చొక్కాలో దాచుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం. సందుల్లో మనిషి లేడు. నల్లటి దుప్పట్లు తలమీంచి కప్పుకుని ఇద్దరం గోడ నీడన నడిచాం. పెళ్ళిల్లు దాటాక ఊరి చప్పుడంతా ఆగిపోయింది. ప్రతి ఇంటి డాబా మీదా ఎండలో రొట్టె పిండి ముద్దలు పొంగుతున్నాయి. చివరి ఇంటి డాబా మాత్రం ఖాళీగా ఉంది. అదే ఖలఫ్ ఇల్లు అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

తలుపు తీసే ఉంది. వాకిట్లో ఒక మనిషి నేలమీద కూర్చుని చేట్లో పప్పు ఏరుతోంది. ఎండిపోయిన మొహం. ఖలఫ్ తల్లి. ఊరంతా ఆమెని అలాగే పిలుస్తారు, అసలు పేరు ఎవరూ అనరు. మమ్మల్ని చూసి తల ఎత్తింది, మళ్ళీ దించేసింది. కూర్చోమనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మా ఎగువ పల్లెల్లో శత్రువుకైనా మంచినీళ్ళు ఇస్తారు.

ఆ వాకిట్లో మూలన కాఫీ దంచే రోలు బోర్లించి ఉంది.  చావింట్లో కాఫీ దంచే చప్పుడు వినబడితేనే పరామర్శకి తలుపు తీసినట్టు. అప్పుడే జనం వచ్చి కూర్చుంటారు, చేదు కాఫీ తాగుతారు, ఆడవాళ్ళు ఏడుస్తారు. పగ తీరని ఇంట్లో రోలు బోర్లిస్తారు. రెండేళ్ళుగా ఆ రోలు అలాగే ఉందని దానిమీది దుమ్మే చెబుతోంది.

నాకు కంగారు వస్తే నోరు ఆగదు. అది నాకున్న పెద్ద జబ్బు. అక్క నోరు విప్పేలోపే నేను చేతులు జోడించి, ఎక్కడైనా అలవాటుగా అనే మాట అనేశాను.

"పోయినవాడి మిగిలిన ఆయుష్షు నీకు దక్కాలి తల్లీ."

అన్నాక తెలిసింది ఏం అన్నానో. పరామర్శ పుచ్చుకోని ఇంట్లో పరామర్శ మాట! చెంపలు వాయించుకుందామనిపించింది. ఖలఫ్ తల్లి చేట కింద పెట్టింది. లేచి నిలబడింది. మనిషి చిన్నదే. అయినా నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎవడే పోయింది?" అంది.

నేను అక్క వెనక్కి చేరాను.

"చెప్పవే ఆటదానా. ఎవడు పోయాడు ఈ ఇంట్లో? ఎవరైనా ఏడవడం విన్నావా? కాఫీ తాగావా ఎప్పుడైనా ఇక్కడ? నా కొడుకుని చంపినోడు కొండల్లో రొట్టె తింటున్నాడు. వాడు తింటున్నన్నాళ్ళూ నా కొడుకు చావలేదు. ఈ ఇంట్లో ఎవరూ చావలేదు. తెలిసిందా? పొండి. పోయి ఆ ఇంట్లో నడుం తిప్పుకోండి. నా బద్రీ కాల్చేవరకూ తిప్పండి."

నేను అక్క కొంగు పట్టుకు లాగాను. పోదాం అక్కా, అయిపోయింది, ఇంకేం ఉంది ఇక్కడ? అక్క కదల్లేదు. ఆమె మొహం చూశాను. పాట ఎత్తుకునే ముందు ఉంటుందే, ఊపిరి బిగబట్టి, అలా ఉంది.

"సరే తల్లీ" అంది నెమ్మదిగా. "ఖలఫ్ చావలేదు. నువ్వు చెప్పావు, నేను ఒప్పుకున్నా. చావలేదు కాబట్టి వాడి పెళ్ళి ఇంకా జరగాల్సే ఉంది. అందుకే నేనొచ్చాను."

ఖలఫ్ తల్లి కళ్ళు చిట్లించింది. "ఏం పెళ్ళి?"

"వాడి పెళ్ళికి ఆడతానని మాటిచ్చాను. ఫాతిహా ప్రార్థన చదివి, చెయ్యి కలిపి ఇచ్చాను. మా జమాలత్ పక్కనే ఉంది, అడుగు."

అడగక్కర్లేదు. నాకు బాగా గుర్తుంది. రెండేళ్ళ కింద, చెరుకు కోతలు మొదలైన వారంలో ఒక కుర్రాడు మా ఊరు నడిచొచ్చాడు. ఒంటి మీద బూడిదరంగు పొడుగు అంగీ జలాబియా, భుజాన కర్ర, నవ్వు మొహం. మా ఇంట్లో రొట్టె, చెరుకు పాకం కలిపి పెడితే ఊడ్చుకుని తిన్నాడు. ఇంకాస్త పెట్టమని సిగ్గు లేకుండా అడిగాడు. పెళ్ళికి మేళం కావాలన్నాడు. మా పద్ధతిలో ముందు పెళ్ళికూతురి పేరు, ఆమె తల్లి పేరు అడుగుతాం. పెళ్ళి పాటలో ఆ పేర్లు అల్లాలి, దానికి రోజులు పడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళకి తెలియకముందే చాలా పెళ్ళిళ్ళ సంగతి మాకు తెలుస్తుంది. అవి మా గడప దాటవు. దాటిన రోజున మా పని అయిపోయినట్టే. ఆ కుర్రాడు ఊరు తర్వాత చెబుతానని, ఒక పేరు మటుకు చెప్పాడు. అక్క విన్నది, నేను విన్నాను. ఇంకో నెలకి వాడు చచ్చిపోయాడని కబురొచ్చింది. కానీ అది ఈ ఊరు అనీ, ఈ ఇల్లు అనీ పొద్దున వంతెన మీద బద్రీ తన అన్న పేరు చెప్పేదాకా మాకు తట్టలేదు.

"అబద్ధం" అంది ఖలఫ్ తల్లి. "నా కొడుకు నాతో చెప్పకుండా మేళం మాట్లాడతాడా? ఆ ఇంటివాళ్ళు పంపించారు నిన్ను. బాగా నేర్పి పంపించారు."

"నీతో చెప్పకపోవడానికి కారణం ఉంది. వాడు నన్ను ఒకటే కోరాడు. పెళ్ళిలో అందరి ముందూ ఆడు, కానీ ఒక ఆట మటుకు మా అమ్మ ముందు ఆడు అన్నాడు. ఆమెని లేపి నీతో ఆడించు అన్నాడు. మా అమ్మ ఆడుతుందా అని నేను నవ్వాను. అప్పుడు చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"చిన్నప్పుడు, పెళ్ళి కాకముందు, నువ్వు డాబా మీద ఈడు పిల్లలతో ఆడేదానివట. తలమీద నీళ్ళకుండ పెట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా. పెళ్ళయ్యాక నీ మొగుడు మానిపించాడట. తర్వాత ఎవరికీ చెప్పలేదట. వాడికి ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి పడుకోనంటే, వాడి కోసం ఒకసారి గదిలో తలుపేసి, కుండ పెట్టుకుని ఆడి చూపించావట. జ్వరంలోనూ చప్పట్లు కొట్టానన్నాడు. అమ్మ అలా నవ్వడం మళ్ళీ చూడలేదన్నాడు."

ఖలఫ్ తల్లి గోడకి చెయ్యి ఆనించుకుంది. అలాగే నెమ్మదిగా కిందికి జారి కూర్చుండిపోయింది. కాలు తగిలి చేట ఒరిగి పప్పంతా ఒలికింది. నేను ఏరబోతే అక్క కళ్ళతో వద్దంది.

"తలుపేసి ఆడాను" అంది ఆమె. "గడియ కూడా పెట్టాను. గది బయట కూడా ఎవరూ లేరు."

"తెలుసు."

"ఇంకా ఏమన్నాడు?"

"రొట్టె బాగుంది కానీ మా అమ్మ చేసినంత లేదన్నాడు. పూర్తిగా తిన్నాక అన్నాడు."

ఆమె నోటి దగ్గర ఏదో కదిలింది. నవ్వు కాబోతూ ఆగింది. తర్వాత మొహం మళ్ళీ గట్టిపడింది.

"మాటిచ్చానన్నావుగా. ఆడు మరి. ఇక్కడే, ఇప్పుడే. డోలు లేదు, సన్నాయి లేదు. ఆ బిళ్ళలూ గలగలలూ ఏవీ లేవు. చూస్తా నీ ఆట. నా బిడ్డ పేరు చెప్పి నన్ను మోసం చేస్తున్నావని తెలిస్తే నేనే పిలుస్తా బద్రీని."

అక్క నల్ల దుప్పటి తీసి నా చేతికిచ్చింది. "పెళ్ళికొడుకు కర్ర ఇవ్వు తల్లీ" అంది.

అది కూడా మా పద్ధతే. పెళ్ళికొడుకు చేతిలోంచి కర్ర తీసుకుని ఆడటం, ఆట ముగిశాక మళ్ళీ అతని చేతిలో పెట్టడం. ఖలఫ్ తల్లి లోపలికెళ్ళింది. బయటికొచ్చేసరికి చేతిలో వాడి కర్ర ఉంది. దాన్ని ఆమె నూనె రాసి మెరిసేలా పెట్టుకుంది. ఇవ్వడానికి చెయ్యి చాచింది కానీ వేళ్ళు వదలలేదు. అక్క లాగలేదు, ఆమె వదిలేదాకా అలాగే నిలబడింది.

నేను వందల పెళ్ళిళ్ళు చూశాను. మాలో నడుం తిప్పగలిగేవాళ్ళు, భుజం ఆడించగలిగేవాళ్ళు బోలెడంతమంది. నేను కూడా ఫర్వాలేదు, అబద్ధం ఎందుకు. కానీ ఆ మధ్యాహ్నం వహీబా అక్క ఆడిన ఆట నేను ఎన్నడూ చూడలేదు, ఇక చూడను.

ముందు కర్రని రెండు చేతులా నుదుటికి ఆనించింది. వాకిలి మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు వదిలింది. ఆ చోటుకి ఎదురుగా నిలబడి, పెళ్ళికొడుకుని చూసి నవ్వినట్టు నవ్వింది. అలా మొదలుపెట్టింది. చప్పుడు లేదు. ఒట్టి పాదాలు మట్టిని తాకే చప్పుడే. మడమ, వేళ్ళు, మడమ. నడుం ఒక్కటే కదులుతోంది, భుజాలు నిలకడగా ఉన్నాయి. ఆ వదిలిన చోటు చుట్టూ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఒక్క అడుగు కూడా అందులో పడదు. కర్రని వేళ్ళ మీద తిప్పుతోంది, ఆ చోటు వైపు విసిరినట్టు విసిరి మళ్ళీ పట్టుకుంటోంది. కాసేపటికి నాకు అక్కడ నిజంగా ఒక కుర్రాడు నిలబడి ఉన్నట్టే అనిపించింది. బూడిదరంగు జలాబియా, నవ్వు మొహం.  పడకుండా స్తంభం పట్టుకున్నాను.

నలభై రెండేళ్ళ మనిషి ఆమె. పొద్దున మోకాలి నొప్పి అని ఆవనూనె రాయించుకుంది నా చేత. ఆ మోకాలితోనే అలా తిరుగుతోంది. ఇలాంటి మనిషి పక్కన నడిచాను నేను ఇన్నేళ్ళు, ఆమె తిట్లు తిన్నాను, ఆమె పళ్ళెంలో తిన్నాను. అదే నా గర్వం.

నేను చప్పట్లు కొడదామని చేతులు ఎత్తాను. అంతలో ఖలఫ్ తల్లి లేచింది.

"నా కొడుకు పెళ్ళికి డోలు లేకపోవడమేంటి?" అంది.

నేరుగా మూలకెళ్ళి బోర్లించిన రోలు తిప్పింది. దుమ్ము కొంగుతో తుడిచింది. గోడ గూట్లోంచి సంచి తీసి గింజలు పోసింది. రెండేళ్ళనాటి గింజలు. రోకలి ఎత్తి ఒక్క పోటు వేసింది. ఠంగ్‌మని ఊరంతా వినబడేలా మోగింది.  ఆమెకి తెలియక చేస్తోందా, తెలిసే చేస్తోందా?

తెలిసే చేసింది. మొహం చూస్తే తెలుస్తోంది. దంచింది. గింజకో పోటు, రోలు అంచుకో పోటు, మళ్ళీ గింజకి. పెళ్ళి డోలు దెబ్బే అది. అక్క ఒక్క క్షణం ఆగింది, ఆ దెబ్బ అందుకుంది, ఇక వాకిలంతా ఆమెదే అయింది. ఖలఫ్ తల్లి దంచుతూ దంచుతూ మెడ ఊపింది, భుజం ఊపింది. కుండ నెత్తిన ఉన్నట్టు ఆమె తల మటుకు కదల్లేదు. అలా కూర్చునే ఆడింది ఆ తల్లి, కొడుకు పెళ్ళిలో.

ఎంతసేపో నాకు తెలియదు. అక్క ఆగింది. ఆ ఖాళీ చోటు ముందు మోకరిల్లి కర్రని నేలమీద పెట్టింది.

"అయిపోయిందా?" అంది ఖలఫ్ తల్లి.

"అయిపోయింది తల్లీ. పెళ్ళి చేశాం."

"అయితే ఇప్పుడు చచ్చిపోయాడు నా బిడ్డ" అంది ఆమె. రోకలి వదిలేసి అరిచింది. రెండేళ్ళు లోపల పెట్టుకున్న ఏడుపు ఒక్కసారే బయటికొచ్చింది. అక్క వెళ్ళి ఆమెని ఒళ్ళోకి తీసుకుంది. నేను కూడా ఏడ్చాను. ఎవరి కోసమో తెలియదు, ఏడ్చాను.

రోలు చప్పుడు ఊరంతా విన్నది కదా. తలుపు దగ్గర ఒక ముసలామె కనబడింది, తర్వాత ఇద్దరు, తర్వాత పదిమంది. అందరూ నల్ల ముసుగులే. రెండేళ్ళుగా ఆమె ఆ గడప తొక్కనివ్వని ఆడవాళ్ళు. భయంభయంగా నిలబడ్డారు. ముందున్న ముసలామె గొంతు సవరించుకుని, ఇందాక నేను తప్పుగా అన్న మాటే అంది.

"మిగిలిన ఆయుష్షు నీకు దక్కాలమ్మా."

ఖలఫ్ తల్లి తలెత్తింది. 

"మీరూ చల్లగా ఉండాలి" అంది. "రండి. కాఫీ కాస్తా."

పరామర్శ పుచ్చుకుంది! పగ వదిలేసింది! ఇక ఆ ఊళ్ళో డోలు మోగొచ్చు, పెళ్ళి జరగొచ్చు, ఎవరి కొడుకూ ఎవరి చేతిలోనూ చావక్కర్లేదు. నేను అక్క చెయ్యి పిసికాను. ఆడవాళ్ళు ముందుకొచ్చేలోగా వాళ్ళని తోసుకుంటూ బద్రీ వచ్చాడు.

చెరుకు ఆకులు కోసుకున్న చేతులు, చెమట, భుజాన తుపాకీ. రోలు వంక చూశాడు. నేలమీద అన్న కర్ర చూశాడు. మమ్మల్ని చూశాడు.

"అమ్మా, రోలు ఎవరు తిప్పారు?"

"నేనే."

"వీళ్ళు ఏదో చేశారు నీకు. మందు పెట్టారా? తెలిసి చేసే పనేనా ఇది?"

"తెలిసే దంచాను నాన్నా. మీ అన్న పెళ్ళి అయింది. నేను చూశాను. ఇక నువ్వున్నావు నాకు. నిన్ను కూడా ఈ గోడకి కర్రలా ఆనించి నూనె రాసుకుంటూ కూర్చోలేను."

బద్రీ మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో వాడికి. తుపాకీ భుజం మీంచి దించాడు. ఎవరి మీదా పెట్టలేదు. గోడకి ఆనించాడు. అయిపోయిందనుకున్నాను. దేవుడి సాక్షిగా, అంతా అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు ఖలఫ్ తల్లి కళ్ళు తుడుచుకుని, అడగకూడని మాట అడిగింది. కోపంగా కాదు, తల్లి అడిగినట్టే ఆశగా అడిగింది.

"పెళ్ళి పాట పాడలేదేంటమ్మా నువ్వు? పాటలో పెళ్ళికూతురి పేరు ఉంటుందిగా. నా కోడలు ఎవరు? ఎవరి పేరు చెప్పాడు వాడు?"

వహీబా అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆ పేరు నా నాలిక మీద ఉడుకు పప్పులా కాలుతోంది. ఎప్పుడూ ఆగని నా నోరు, ఒట్టేసి చెబుతున్నాను, ఆ రోజు ఆగింది.

"అది నా దగ్గర దాచమని ఇచ్చిన మాట తల్లీ" అంది అక్క. "మా పనిలో పేర్లు బయటికి రావు. అడగొద్దు."

"వాడి తల్లిని నేను. నాకు కూడానా?"

"నీకు కూడా."

"చెప్పమ్మా. దాన్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఇద్దరం కలిసి ఏడుస్తాం. అంతేగా."

అక్క తల అడ్డంగా ఊపింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను నేను. చెబితే ఏమవుతుందో మా ఇద్దరికే తెలుసు.

బద్రీ మెల్లిగా దగ్గరికొచ్చాడు. వాడు తెలివితక్కువవాడు కాదు. "మామూలు ఇంటి పిల్ల అయితే చెప్పేదానివి" అన్నాడు. "దాస్తున్నావంటే దాచాల్సిన ఇల్లు. అన్నని నీళ్ళ వంతు కోసమే చంపారా? అర తూము నీళ్ళ కోసం మనిషిని చంపుతారా ఎవడైనా? నాకెప్పుడూ అనుమానమే." వాడి చెయ్యి వెనక్కి పోయి గోడకి ఆనించిన తుపాకీ అందుకుంది. "ఆ పేరు చెప్పు. చెప్పకపోతే రేపు మీ డోలు మోగదు. ఎప్పటికీ మోగదు."

"మోగకపోనీ" అంది వహీబా అక్క. తుపాకీ ముందు నిలబడి అంది. "పేరు మటుకు రాదు." ఖలఫ్ తల్లి లేచి ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"అమ్మా, నువ్వు పక్కకు జరుగు."

"బద్రీ!"

"జరగమన్నాను."

నేను కళ్ళు మూసుకున్నాను. ఆడవాళ్ళలో ఎవరో ఒకరు గొల్లుమన్నారు. కళ్ళు తెరిస్తే ముసుగుల మధ్య కదలిక. ఒక పిల్ల గుంపులోంచి విడిపించుకుని గడప దాటి లోపలికొచ్చింది. ఎవరో కొంగు పట్టుకుని లాగితే కొంగు వదిలేసి వచ్చింది. రోలు చప్పుడు ఏంటో చూసి రమ్మని పెళ్ళింటివాళ్ళు పంపించిన పిల్ల. అబూ దూమ్ కూతురు హనియ్యా. పెళ్ళికొడుకు రిఫాయీకి చెల్లెలు, ఖలఫ్‌ని చంపినవాడికీ చెల్లెలే. తుపాకీ వైపు చూడలేదు. బద్రీ వైపు చూడలేదు. నేరుగా వెళ్ళి ఖలఫ్ తల్లి పాదాల దగ్గర కూర్చుంది.

"ఈ అక్కని ఏమీ అనకండి" అంది. "ఆ పాటలో పేరు నాది, అత్తా."